సేఫ్టీ వాల్వ్ మొరాయిస్తే ముందు ప్రొసీజర్ విప్పి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అణు విద్యుత్ కేంద్రం లేదు. కానీ ముత్తుకూరు మండలం నేలటూరులో 800 మెగావాట్ల థర్మల్ యూనిట్లు ఉన్నాయి. అక్కడ షట్‌డౌన్లలో బాయిలర్ సేఫ్టీ వాల్వుల (ప్రెజర్ హద్దు దాటితే లేచి ఆవిరి వదిలే వాల్వులు) మీద పని నేర్చుకున్న ఐటీఐ కుర్రాడు రేపు అణు కేంద్రాలున్న కల్పాక్కంలోనో కైగాలోనో అదే పని చేయాల్సి రావచ్చు. వాల్వు రెండు చోట్లా దాదాపు ఒకటే. కింద నాజిల్, దాని అంచే సీటు, ఆ సీటు మీద డిస్కు, స్పిండిల్ అనే కడ్డీ ద్వారా డిస్కును అదిమిపట్టే స్ప్రింగు. తేడా ఏమిటంటే, థర్మల్‌లో బొగ్గు ఆపేస్తే వేడి తగ్గుతుంది. అణు కేంద్రంలో రియాక్టర్ ఆపేసిన తర్వాత కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. కాబట్టి లేవాల్సినప్పుడు లేవడం ఎంత ముఖ్యమో, లేచాక మళ్లీ గట్టిగా మూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

వాల్వు ఫెయిలైందనగానే అందరి కళ్లూ స్ప్రింగు మీదికి, సీటు మీదికి పోతాయి. నేను చెప్పేది వేరు. చాలాసార్లు అసలు లోపం పని ప్రొసీజర్‌లో, అంటే పనిని స్టెప్పులుగా రాసిన కాగితంలో ఉంటుంది. రాయాల్సిన స్టెప్పు రాయలేదు, లేదా రాసిన స్టెప్పు ఆ ఇరుకులో ఎవరూ చేయలేరు, లేదా చేశారో లేదో తెలిసే దారి లేదు. వాల్వును మాత్రమే బాగుచేసి వదిలేస్తే వచ్చే షట్‌డౌన్‌లో అదే కథ మళ్లీ మొదలవుతుంది.

అందుకే ఏ లక్షణం కనిపించినా మొదటి పని ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం. తుడవకముందు, తట్టకముందు, లీవరు ఎత్తి చూడకముందు.

లక్షణం: మొదటిసారి ఎక్కువ ప్రెజర్‌కి లేచింది, రెండోసారి సరిగ్గా లేచింది

దీన్ని చూసి "ఇప్పుడు సరిగ్గానే ఉంది కదా" అని సంతకం పెట్టేయడం మామూలు. అది పెద్ద తప్పు. ప్లాంటులో నిజంగా ప్రెజర్ పెరిగిన రోజున వాల్వుకు రెండో అవకాశం ఉండదు. మొదటిసారి వచ్చిన రీడింగే నిజం.

కారణం: డిస్కు సీటుకు అంటుకుపోవడం. అమెరికాలోని బాయిలింగ్ వాటర్ రియాక్టర్లలో టార్గెట్ రాక్ తయారీ రెండు దశల వాల్వులు దీనికి పేరుమోసిన ఉదాహరణ. రేడియేషన్ వల్ల నీళ్లు విడిపోయి వచ్చే ఆక్సిజన్ ఆవిరిలో కలిసి, పైలట్ (పెద్ద వాల్వును తెరిపించే చిన్న వాల్వు) డిస్కుకూ సీటుకూ మధ్య సన్నటి తుప్పుపొర కట్టేది. ఆ పొర తెగేదాకా వాల్వు కదలదు. ఒకసారి తెగిందా, తర్వాత చక్కగా లేస్తుంది. మన థర్మల్ ప్లాంట్లలో కారణం వేరు కావచ్చు. సముద్రపు గాలి తగిలే చోట గైడుకూ స్పిండిల్‌కూ మధ్య తుప్పు పట్టినా లక్షణం ఇలాగే ఉంటుంది.

పరిష్కారం: డిస్కు లోహం మార్చడం లాంటివి డిజైన్ వాళ్లు చూసుకుంటారు. మన చేతిలో ఉన్నది ప్రొసీజర్. "టెస్టుకు ముందు వాల్వును శుభ్రం చేసి, ఫ్రీగా కదులుతోందో లేదో చూడాలి" అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ వాక్యాన్ని అక్కడి నుంచి తీసి, మొదటి టెస్టు అయ్యాక వచ్చేలా పెట్టాలి. మంచి ఉద్దేశంతో రాసిన ఆ ఒక్క వాక్యం ఏళ్ల తరబడి రోగాన్ని దాచిపెట్టగలదు.

లక్షణం: వాల్వులన్నీ ఒకే వైపు తప్పాయి

ఒక వాల్వు పైకి, ఒకటి కిందికి తప్పితే వాల్వులను అనుమానించండి. అన్నీ తక్కువకే, లేదా అన్నీ ఎక్కువకే లేస్తుంటే ముందు టెస్టు చేసిన పద్ధతిని అనుమానించండి.

లైన్లో ఆవిరి ఉండగానే హైడ్రాలిక్ జాకీతో స్పిండిల్‌ను పైకి లాగి సెట్ ప్రెజర్ (వాల్వు లేచే ప్రెజర్) లెక్కగట్టే పద్ధతి ఉంది. లైన్ ప్రెజర్‌కి, లాగిన బలాన్ని సీటు వైశాల్యంతో భాగించగా వచ్చినదాన్ని కలుపుతారు. ఇందులో సీటు వైశాల్యం తప్పుగా తీసుకుంటే, గేజి కొద్దిగా తేడా చూపిస్తే, ప్రతి వాల్వూ అదే తప్పుతో సెట్ అవుతుంది. ఇలాంటి పరికరాలతో వచ్చే తేడాల గురించి అమెరికా అణు నియంత్రణ సంస్థ 1994లోనే హెచ్చరించింది.

ఇంకో కారణం వేడి. వర్క్‌షాపు బెంచి మీద చల్లటి గాలితో సెట్ చేసిన వాల్వు, ప్లాంటులో వేడి ఆవిరి మీద కాస్త తక్కువకే లేస్తుంది. బాడీ వ్యాకోచించి, స్ప్రింగు వేడెక్కి బలం తగ్గుతుంది. తయారీదారు ఇచ్చిన దిద్దుబాటు లెక్క వేసుకోకపోతే ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా ఫలితం తప్పే. ఇన్సులేషన్ పని కూడా ఇక్కడికే వస్తుంది. బానెట్‌కు (స్ప్రింగును కప్పే పై భాగం) చుట్టకూడని చోట లాగర్లు (ఇన్సులేషన్ పనివాళ్లు) ఇన్సులేషన్ చుట్టేస్తే స్ప్రింగు ఊపిరాడక వేడెక్కుతుంది. వాల్వు ప్రొసీజర్‌లో ఇన్సులేషన్ ఎక్కడిదాకా ఉండాలో బొమ్మ వేసి చూపించాలి. మెకానికల్ వాళ్లు వెళ్లిపోయాక వచ్చే లాగర్ చేతికి ఆ బొమ్మ అందాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ప్రెజరైజ్డ్ వాటర్ రియాక్టర్‌లో ప్రైమరీ వైపు (రియాక్టర్ నీళ్లు తిరిగే వైపు) సేఫ్టీ వాల్వు చదరపు సెంటీమీటరుకు సుమారు 175 కేజీల దగ్గర లేస్తుంది. చాలా కేంద్రాల్లో పరీక్షలో అనుమతించే తేడా 3 శాతం, అంటే అయిదు కేజీల పైచిలుకు. సెట్ చేసి వదిలేటప్పుడు 1 శాతం లోపల ఉండాలి. అమెరికా కోడ్ ప్రకారం ఒక వాల్వు హద్దు దాటితే అదే గుంపులోంచి అదనంగా రెండు వాల్వులు టెస్టు చేయాలి. అందులోనూ తప్పు దొరికితే గుంపు మొత్తం చూడాలి. ఒక వాల్వులో దొరికిన తప్పు ఆ ఒక్కదానిదే అనుకోకూడదన్నది ఆ నియమంలోని ఆలోచన.

లక్షణం: సీటు దగ్గర సన్నగా ఆవిరి కారుతోంది

కారణాలు మామూలువే. సీటు మధ్య చెత్త ఇరుక్కోవడం, ఆవిరి సీటును కోసేయడం, ల్యాపింగ్ (సీటును నునుపుగా రుద్దడం) సరిగా లేకపోవడం, డిశ్చార్జ్ పైపు బరువు వాల్వు బాడీ మీద పడి పక్కకు లాగడం. డిస్కునూ నాజిల్‌నూ ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దకండి. ల్యాపింగ్ రింగుతో దేనికది విడిగా చేయాలి.

కారుతోందని స్ప్రింగు బిగించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. కారడం ఆగినట్టే కనిపిస్తుంది, సెట్ ప్రెజర్ మాత్రం పైకి పోతుంది. అడ్జస్టింగ్ బోల్టు సీలు తెంచాలంటే ప్రత్యేక అనుమతి కావాలని, తెంచితే మళ్లీ ఫ్లోటింగ్ (ప్రెజర్ పెంచి వాల్వును లేపి చూడటం) చేయాల్సిందేనని ప్రొసీజర్‌లో స్పష్టంగా ఉండాలి.

లక్షణం: దడదడమని కొట్టుకుంటోంది, లేదా లేచాక చాలా కిందికి దిగేదాకా మూసుకోవడం లేదు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ఈ తప్పు బెంచి మీద కనిపించదు.

వాల్వు లేచే, మూసుకునే తీరును సర్దడానికి రెండు రింగులున్న వాల్వులో కింది రింగు నాజిల్ మీద ఉంటుంది. దాన్ని పైకి తెస్తే వాల్వు టక్కున లేస్తుంది, మరీ కిందికి పోతే సన్నగా మరుగుతున్నట్టు ఆవిరి వదులుతూ ఉండిపోతుంది. పై రింగును కిందికి దించితే బ్లోడౌన్ పెరుగుతుంది, అంటే మూసుకోవడానికి ప్రెజర్ ఇంకా దిగాలి. పైకి ఎత్తితే బ్లోడౌన్ తగ్గుతుంది, మరీ తగ్గితే వాల్వు దడదడ కొట్టుకునే చాటరింగ్‌లో పడి సీటు తానే పగలగొట్టుకుంటుంది.

చిన్న టెస్ట్ బెంచికి వాల్వును పూర్తిగా లేపి నిలబెట్టేంత ఆవిరి ఉండదు. కాబట్టి అది సెట్ ప్రెజర్ చెప్పగలదు గానీ రింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పలేదు. రింగు స్థానానికి మనకున్న ఆధారం రాసుకున్న అంకె మాత్రమే. అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో 1979లో జరిగిన ప్రమాదం తర్వాత, 1981లో ఆ దేశంలో పూర్తి సైజు వాల్వులను నిజమైన ఆవిరితో, నీటితో పరీక్షించారు. రింగుల స్థానం, ఇన్‌లెట్ పైపు పొడవు వాల్వు స్థిరత్వాన్ని ఎంతగా మారుస్తాయో అప్పుడే స్పష్టమైంది.

రింగుకు చుట్టూ పళ్లలాంటి నాచ్‌లుంటాయి. పక్కన పిన్ను తీసి ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి, రింగును ఒక్కో నాచ్ తిప్పుకుంటూ డిస్కు హోల్డరుకు తగిలేదాకా లెక్కపెట్టాలి. ఎటువైపు తిప్పారు, ఎన్ని నాచ్‌లు, ఎక్కడినుంచి లెక్క మొదలైంది. ఈ మూడూ రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. లాగ్ షీట్‌లో "రింగ్ సెట్టింగ్: ఓకే" అని టిక్కు పెట్టే గడి ఉంటే ఆ షీట్‌ను ఈరోజే మార్చండి. ఆ గడి స్థానంలో విప్పకముందు అంకె, బిగించాక అంకె, లెక్కపెట్టిన ఇద్దరి సంతకాలు రావాలి. రెండో వ్యక్తి మొదటి అంకె చూడకుండా తానే లెక్కపెట్టాలి. చూసి సంతకం పెడితే అది తనిఖీ కాదు.

లక్షణం: ప్రెజర్ దాటినా అసలు లేవలేదు

మొదట చూడాల్సింది గ్యాగ్. హైడ్రో టెస్టుకో (నీళ్లతో ప్రెజర్ పెట్టే పరీక్ష), పక్క వాల్వు ఫ్లోటింగ్‌కో స్పిండిల్‌ను పైనుంచి అదిమిపట్టే స్క్రూ అది. టెస్టు అయిపోతుంది, షిఫ్టు మారిపోతుంది, గ్యాగ్ ఉండిపోతుంది. తీసినా ప్రమాదం మిగిలే ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడే గట్టిగా బిగిస్తే వేడికి స్పిండిల్ సాగి, పైకి పోయే దారి లేక వంగుతుంది. అందుకే బాయిలర్ ప్రెజర్, అన్నిటికన్నా తక్కువకు సెట్ చేసిన వాల్వు సెట్ ప్రెజర్‌లో 80 శాతానికి చేరాకే, అదీ చేత్తో మాత్రమే బిగించాలంటారు.

పరిష్కారం జ్ఞాపకశక్తికి వదలకూడదు. గ్యాగులకు నంబర్లు వేసి, స్టోరులో ఒక బోర్డుకు అన్ని కొక్కేలు కొట్టి తగిలించండి. కొక్కెం ఖాళీగా ఉంటే గ్యాగ్ వాల్వు మీదే ఉన్నట్టు. అన్ని కొక్కేలూ నిండేదాకా పర్మిట్ మూసేయడానికి వీల్లేదని ప్రొసీజర్‌లో రాయండి. డిశ్చార్జ్ వైపు రవాణాలో పెట్టిన ప్లాస్టిక్ మూతలు, డ్రెయిన్ లైన్లో తుప్పు, కందిరీగ గూళ్లు కూడా అదే షీట్‌లోకి రావాలి.

లక్షణం: లేచింది, కానీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్ ప్యానెల్‌లో మాత్రం మూసినట్టే ఉంది

1979 మార్చి 28 తెల్లవారుజామున త్రీ మైల్ ఐలాండ్ రెండో యూనిట్‌లో జరిగింది ఇదే. ప్రెజరైజర్ (రియాక్టర్ నీళ్ల ప్రెజర్‌ను అదుపులో ఉంచే ట్యాంకు) మీది రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది. ప్యానెల్ లైటు వాల్వు స్థానాన్ని చూపించదు, వాల్వును తెరిపించే సోలినాయిడ్‌కు (కరెంటు చుట్ట) కరెంటు ఆగిందని మాత్రమే చూపిస్తుంది. అదే లైన్లో దారి మూసే బ్లాక్ వాల్వు మూయడానికి రెండు గంటల పైనే పట్టింది. ఆలోపు కూలింగ్ నీళ్లు పోయి, ఇంధనం దెబ్బతినే పరిస్థితి వచ్చేసింది.

మెయింటెనెన్స్ వాళ్లు మర్చిపోకూడని సంగతి ఇంకొకటుంది. అదే రోజు అత్యవసర ఫీడ్ వాటర్ లైన్లోని రెండు వాల్వులు మూసి ఉన్నాయి. రెండు రోజుల ముందు జరిగిన టెస్టు తర్వాత అవి అలాగే మిగిలిపోయాయి. ఎనిమిది నిమిషాల తర్వాత గానీ ఆపరేటర్లు గమనించలేదు. అంతకు ముందు 1977 సెప్టెంబరులో అమెరికాలోనే ఉన్న డేవిస్-బెస్సే అణు కేంద్రంలో ఇలాగే రిలీఫ్ వాల్వు ఇరుక్కుంది. ఆ పాఠం త్రీ మైల్ ఐలాండ్ ఆపరేటర్ల దాకా చేరలేదు.

పరిష్కారం: టెస్టు ప్రొసీజర్ "టెస్టు ముగిసింది" దగ్గర ఆగకూడదు. ఏ వాల్వు ఏ స్థానంలోకి తిరిగి రావాలో పేరు పేరునా ఉండాలి. దాన్ని పనిలో లేని మనిషి వాల్వు దగ్గరికే వెళ్లి చూసి రాయాలి. ప్యానెల్ లైటు దానికి సాక్ష్యం కాదు.

ప్రొసీజర్‌ను ఎలా దిద్దాలి

పని చేసే ఫిట్టరు పక్కన కూర్చుని, ప్రతి స్టెప్పూ చదివి అడగండి: దీన్ని ఎలా చేస్తావు, చేశావని నాకెలా తెలుస్తుంది? "తగినంత బిగించాలి" అని ఉన్నచోట టార్క్ అంకె రావాలి. "శుభ్రంగా ఉండాలి" అన్నచోట ఏం కనబడకూడదో రాయాలి. ఇంగ్లీషులో మాత్రమే ఉంటే కీలకమైన స్టెప్పులు తెలుగులోనో, ఆ సిబ్బందికి వచ్చిన భాషలోనో పక్కన పెట్టండి. అర్థం కాని స్టెప్పుకు టిక్కు పెట్టించుకోవడం వల్ల ఎవరికీ మేలు లేదు.

అణు కేంద్రంలో ఇంకో ఒత్తిడి ఉంది, డోసు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్. మన దేశంలో రేడియేషన్ పని చేసేవారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదని అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టింది. అందువల్ల వాల్వు దగ్గర నిలబడే టైము తక్కువ. ఆ టెన్షన్‌లో నాచ్‌లు లెక్కపెట్టడం నేర్చుకోలేరు. అదే సైజు పాత వాల్వును బయట పెట్టి, గ్లవ్స్, మాస్కు వేసుకునే ముందే రిహార్సల్ చేయించండి. రిహార్సల్లో తడబడిన ప్రతి స్టెప్పునూ లోపలికి వెళ్లకముందే తిరగరాయండి.

దిద్దిన ప్రొసీజర్ అదే రకం వాల్వులున్న మిగతా యూనిట్లన్నిటికీ వెళ్లాలి. పాత కాపీలు వర్క్‌షాపు బీరువాల్లోంచి, టూల్ బాక్సుల్లోంచి, ఫోన్లలో తీసి పెట్టుకున్న ఫొటోల్లోంచి కూడా పోవాలి. రాత్రి షిఫ్టులో చేతికి ముందు దొరికేది ఆ ఫోన్లో ఫొటోనే.