రెండు టార్గెట్ల టాక్సిన్ మందు ఎక్కించుకునే ముందు

"క్యాన్సర్ కణాన్ని రెండు గుర్తులు చూసి పట్టుకునే టాక్సిన్ (విషం) మందట, మంచి కణాల జోలికి పోదులే" అన్న ధీమాతో ట్రయల్‌లో చేరకండి.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తయారైన రక్త క్యాన్సర్ మందు డీటీ2219నే చూడండి. కంఠసర్పి (డిఫ్తీరియా) బ్యాక్టీరియా విషంలో కణాన్ని అంటుకునే ముక్క తీసేసి, ఆ చోట రెండు యాంటీబాడీ ముక్కలు తగిలించారు. ఒకటి కణం పైనుండే సీడీ19 అనే ప్రొటీన్‌ని, ఇంకోటి సీడీ22 అనేదాన్ని పట్టుకుంటుంది. ఒక గుర్తు వదిలేసిన క్యాన్సర్ కణమైనా రెండోదానికి దొరకాలన్నది ఆశ. కానీ మంచి బీ కణాల (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల) మీదా ఆ రెండూ ఉంటాయి. అందుకే ఇన్ఫెక్షన్ల భయం. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు, ఫోన్ చేయండి.

అంతకన్నా పెద్ద గొడవ రక్తనాళాలతో. వాటి గోడలు దెబ్బతింటే రక్తంలోని నీరూ, అల్బుమిన్ అనే ప్రొటీనూ ఒంట్లోకి కారిపోతాయి, బీపీ పడిపోతుంది. ఈ మందు తొలిదశ ట్రయల్‌లో పెద్ద డోసుల దగ్గర ఇబ్బంది పెట్టింది ఇదే.

కనుక మందు మొదలయ్యే రోజు పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి రాసిపెట్టండి. ఆపైన రోజూ అదే వేళకి, అదే మిషన్ మీద. అమెరికాలో 2018లో అనుమతి పొందిన మోక్సెటుమోమాబ్ కూడా ఈ జాతిదే, ఒక్క టార్గెట్‌ది. దానికైతే 2.5 కిలోలు లేదా 5 శాతం పెరిగితే వెంటనే బీపీ, వాపులు చూడాలనేవారు. మనవాళ్లు "కాస్త ఒళ్లు చేశాడు" అని సంబరపడతారే, అదే ఇక్కడ ప్రమాదం. ఉంగరం బిగుసుకున్నా, చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడినా, ఆయాసం వచ్చినా, లేస్తే కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం తగ్గినా, ముదురు రంగులో వచ్చినా అంతే.

నీళ్లు ఎన్ని తాగాలో డాక్టరే చెప్పాలి. మోక్సెటుమోమాబ్‌కి ప్రతి విడతలో మొదటి 8 రోజులు రోజుకు 3 లీటర్ల దాకా తాగమనేవారు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఆ లెక్క పట్టుకోకూడదు.

ఈమధ్య మేకు గుచ్చుకుని టీడీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? అదీ చెప్పండి. అందులో కంఠసర్పి టీకా కూడా ఉంటుంది. దాంతో పుట్టే యాంటీబాడీలు మందులోని విషాన్ని అడ్డుకోవచ్చు.

మందు పేరు, చివరి డోసు తేదీ, ట్రయల్ డాక్టరు నంబరు రాసిన చీటీ ఒకటి పర్సులో ఉంచండి. అర్ధరాత్రి దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తితే, బీపీ తక్కువుందని సెలైన్ మీద సెలైన్ పెట్టేస్తారు. అదీ కారి ఊపిరితిత్తుల్లో చేరొచ్చు. సూది గుచ్చకముందే ఆ చీటీ చూపించండి.