మా జీపు వెనక డిస్కులు ఏ బండివి?

నా జీపులో బానెట్ ఒక్కటే పాతది. ఇంజన్ ఒక బండిది, వెనక యాక్సిల్ హౌసింగ్ ఇంకో బండిది. వెనక డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కు బ్రేకులు బిగించింది ఎవరో నాకు అమ్మినాయనకే తెలియదు. ఒంగోలులో ప్యాడ్ల కోసం షాపుకెళ్తే మొదటి ప్రశ్న, "ఏ మోడల్ అన్నా?" ఏం చెప్పాలి! రెండుసార్లు అంచనాగా తెచ్చాను, రెండుసార్లూ పట్టలేదు.

కాబట్టి ముందు ఏం బిగించి ఉందో చూసుకోండి. ముందు చక్రాలకి రాళ్లు పెట్టి (చీమకుర్తి పక్కనే ఉండగా రాళ్లకేం కొదవ), బండిని జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ దించి చక్రం విప్పండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ కేబుల్ వెంట చూపు పోనివ్వండి. అది క్యాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లని డిస్కుకి నొక్కే పట్టకారు) మీది లివర్‌కి చేరితే పిస్టన్‌ని చాలావరకు తిప్పుతూ లోపలికి పంపాలి. నేను సి క్లాంపు వేసి నొక్కాను. కటుక్కుమంది, క్యాలిపర్ పోయింది. కేబుల్ డిస్కు వెనక్కి పోతే మధ్యలో టోపీలా లేచిన భాగంలో చిన్న డ్రమ్ము, లైనర్లు ఉంటాయి. చక్రం దగ్గరికే రాకపోతే ఆ క్యాలిపర్లు వేరే బండి ముందు చక్రాలవి కావచ్చు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ (చక్రాలకి ఇంజన్ శక్తి మోసే పొడవాటి కడ్డీ) దగ్గరుందో, అసలు లేదో చూసుకోవాలి.

క్యాలిపర్‌ని వైరు బ్రష్‌తో రుద్దితే పోతపోసిన అక్షరాలు బయటపడతాయి. అవే పార్టు నంబరు అనుకోకండి. పాత ప్యాడ్‌ని అట్ట మీద పెట్టి గీత గీయండి, చెవులతో సహా. డిస్కు వ్యాసం, మందం, బోల్టు రంధ్రాలు, పిస్టన్ వ్యాసం ఆ అట్ట మీదే రాసుకోండి. డిస్కు మీద కనీస మందం మిల్లీమీటర్లలో కొట్టి ఉంటుంది. కొలత అంతకు దిగితే లేత్‌కి ఇవ్వొద్దు, కొత్తది వేయండి.

క్యాలిపర్ మీద, ఆయిల్లోని గాలి తీసే నిపుల్ పైకి ఉండాలి. కిందికి ఉంటే కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారయ్యాయి, ఎంత పంపు చేసినా గాలి పోదు. మా మేనల్లుడు ఒక పూటంతా పెడల్ తొక్కి, "మామా, నావల్ల కాదు" అని కూలబడ్డాక గమనించాను.

ఇక బ్రేకు పట్టేసుకోవడం. సింగరాయకొండ దాకా వెళ్లేసరికి ఒక చక్రం కాలిపోయేది. అలా పట్టిన చక్రాన్ని లేపి నిపుల్ కొంచెం వదలండి. వెంటనే చక్రం తిరిగితే ప్రెషర్ వెనక్కి పోవడం లేదు. మళ్లీ పట్టినప్పుడు ఈసారి రబ్బరు హోస్‌కి ముందున్న ఇనుప పైపు జాయింటు వదలండి. అక్కడే వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) వైపు, వదలకపోతే హోస్ లోపల పూడింది. నిపుల్ విప్పినా తిరగకపోతే పిస్టనో, స్లైడ్ పిన్నులో (క్యాలిపర్ వీటి మీదే జరుగుతుంది), హ్యాండ్ బ్రేక్ కేబులో పట్టేసినట్టు.

నాది మాస్టరే. డ్రమ్ముల మాస్టర్‌లో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు ఉండొచ్చు. డ్రమ్ములో లైనర్లని స్ప్రింగులు వెనక్కి లాగుతాయి, డిస్కుకి ఆ స్ప్రింగుల్లేవు, కాబట్టి ఆ ప్రెషర్‌కే ప్యాడ్లు డిస్కుని పట్టుకుని ఉంటాయి. పాత జీపుల్లో మాస్టర్ కాళ్ల కింద ఉంటుంది. అది క్యాలిపర్ కంటే దిగువన ఉంటే 2 పీఎస్ఐ వాల్వు పెట్టాలి, లేకపోతే ఆయిల్ వెనక్కి జారి పెడల్ లోతుకి పోతుంది.

కొత్తపట్నం ఉప్పుగాలి, చీమకుర్తి రాతిపొడి రెండూ నా పిన్నులకి శత్రువులే. ఆరు నెలలకోసారి తీసి తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు రాస్తాను. మామూలు గ్రీజుకి రబ్బర్లు ఉబ్బుతాయి. ప్యాడ్ మీద అరిగే మసాలా మందం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేస్తాను. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పు. డాట్ 3 లేదా 4 రకం ఆయిల్లో డాట్ 5 కలపకండి, అది సిలికాన్ ఆయిల్.

అంతా బిగించాక ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి చూడండి. ముందు చక్రాల కంటే వెనకవి ముందే లాకైతే బండి అడ్డం తిరుగుతుంది, వెనక లైనుకి ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు కావాలి. తర్వాత పది కిలోమీటర్లు నడిపి, డిస్కుని ముట్టుకోకుండా రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి. కుడి, ఎడమ వేడి ఒకేలా లేకపోతే మళ్లీ జాకీ తీయాల్సిందే.