కారు గేర్‌బాక్స్ మౌంటింగ్ మార్చడం ఎలా? గట్టిది వేయాలా, మెత్తదా?

సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ తొక్కగానే కింద ‘టక్’మని శబ్దం వస్తోందా? గేర్ రాడ్ దానంతటదే ముందుకీ వెనక్కీ ఊగుతోందా? అయితే ముందుగా చూడాల్సింది గేర్‌బాక్స్ మౌంటింగే. ఇంజన్నీ గేర్‌బాక్సునీ బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో అదొకటి. ఇనుప బ్రాకెట్ల మధ్య రబ్బరు అతికించి ఉంటుంది. కొన్ని కార్లలో ఇలాంటి మౌంటింగుల లోపల ద్రవం కూడా నింపుతారు.

మౌంటింగుకి రెండు పనులు. ఇంజన్ ఊగకుండా పట్టుకోవాలి, ఇంజన్ అదురు బాడీకి ఎక్కకుండా ఆపాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. గట్టి మౌంటింగ్ వేస్తే గేర్లు చురుగ్గా పడతాయి, యాక్సిలరేటర్ తొక్కగానే బండి కదులుతుంది. కానీ అదురంతా స్టీరింగుకీ సీటుకీ వచ్చేస్తుంది. ఇంకో సంగతి, మౌంటింగ్ మార్చినంత మాత్రాన ఇంజన్ పవర్ పెరగదు. ఉన్న పవర్ చక్రాలకు అందే తీరు మాత్రమే బాగుపడుతుంది.

ముందు పాతదాన్ని చూడండి

బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి ముందు ఎవరూ నిలబడకుండా చూసుకోండి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచి, మొదటి గేరులో క్లచ్ కాస్త వదలాలి, తర్వాత రివర్సులో అలాగే చేయాలి. ఆటోమేటిక్ అయితే డీ నుంచి ఆర్‌కి మారిస్తే చాలు. పక్కన నిలబడ్డవాళ్లు ఇంజన్ ఎంత కదులుతోందో చూడాలి. కొంచెం ఊగడం మామూలే. ఎగిరిపడినట్టు లేస్తే మాత్రం రబ్బరు తెగిందనుకోవచ్చు. తర్వాత ఇంజన్ ఆపి, టార్చి వేసి రబ్బరు మీద చీలికలున్నాయేమో, ఇనుము నుంచి ఊడి వచ్చిందేమో వెతకండి. ద్రవం ఉండే మౌంటింగ్ కారితే కింద నల్లటి మరక కనిపిస్తుంది. గేర్ ఆయిల్ కారి రబ్బరు మీద పడుతుంటే ముందు ఆ లీకేజీ బాగు చేయించాలి. లేకపోతే కొత్త రబ్బరు కూడా ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఏది కొనాలి?

రోజూ ఆఫీసుకీ, పిల్లల స్కూలుకీ, పండక్కి ఊరికీ తిరిగే కారుకి కంపెనీ రబ్బరు మౌంటింగే కొత్తది వేయించండి. గట్టిది కావాలనుకుంటున్న వాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది పాత రబ్బరు చచ్చిపోవడమే. కొత్తది వేశాక కొన్నాళ్లు నడిపి చూస్తే అంతకు మించి అవసరమో లేదో తెలిసిపోతుంది.

అప్పటికీ చాలకపోతే పాలీయురేథేన్ (రబ్బరులా ఉండే ప్లాస్టిక్, పొట్టిగా పాలీ) మౌంటింగ్ చూడండి. గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. కంపెనీ రబ్బరు సాధారణంగా 50–60 దగ్గర ఉంటుంది. పాలీ 60 నుంచి 95 దాకా దొరుకుతుంది. రోడ్డు మీద నడిపే బండికి 70 దాటొద్దని నా మాట. పూర్తిగా అల్యూమినియంతో చేసినవి రేసు ట్రాకు బండ్లకే.

అదురు ఎక్కువగా తెలిసేది బండి వేగంగా పోతున్నప్పుడు కాదు, ఏసీ వేసుకుని రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర ఇంధనం సెకనుకి దాదాపు 27 సార్లు పేలుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లే. ఆ నెమ్మది అదురు ఒంటికి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే క్విడ్, టియాగో లాంటి మూడు సిలిండర్ల కార్లలో గట్టి మౌంటింగ్ వేస్తే అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది, డోర్ ప్యాడ్లు గలగలమంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకి నడుము నొప్పి ఉంటే ఆ జోలికి పోకపోవడమే మంచిది.

ముందు చక్రాలకు పవర్ వెళ్లే కార్లలో మధ్యేమార్గం ఒకటుంది. ఇంజన్ కింద వెనక వైపు ఎముక ఆకారంలో టార్క్ రాడ్ ఉంటుంది. ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టేది అదే. బరువు మోసే పైమౌంటింగుల్ని కంపెనీవే ఉంచి, ఈ టార్క్ రాడ్ ఒక్కదానికే పాలీ బుష్ (రాడ్ చివరి రంధ్రంలో కూర్చునే ముక్క) వేస్తే తక్కువ ఖర్చులో ఊగుడు బాగా తగ్గుతుంది. నచ్చకపోతే తీసేయొచ్చు కూడా.

మార్చే పద్ధతి

ఇంజన్ చల్లారాక సమతలంగా ఉన్న చోట బండి ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. చిన్న కార్లు చాలావాటిలో మౌంటింగ్ ఎడమ పక్క బ్యాటరీ ట్రే కింద ఉంటుంది కాబట్టి బ్యాటరీ, ట్రే, ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తీయాల్సి వస్తుంది. బొలెరో లాంటి బండ్లలో గేర్‌బాక్స్ వెనక చివర, అడ్డపట్టీ మీద ఉంటుంది. దానికి కింద నుంచే పని. అప్పుడు బండిని స్టాండ్ల మీద నిలపాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరకండి.

గేర్‌బాక్స్ కింద చెక్కముక్క పెట్టి, జాకీని దాని బరువు అందుకునేదాకా మాత్రమే ఎత్తండి. ఆయిల్ చాంబర్ మీద జాకీ ఆనించొద్దు, సొట్ట పడుతుంది. ఇప్పుడు బోల్టులు విప్పాలి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగే బండ్లకి ఇవి తుప్పుపట్టి బిగుసుకుని ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే తల అరిగిపోకుండా వస్తాయి.

పాత మౌంటింగ్ తీసి కొత్తదాని పక్కన పెట్టి రంధ్రాలు, ఎత్తు సరిపోల్చండి. ఎత్తులో తేడా ఉంటే ఇంజన్ వాలి, యాక్సిల్ కోణం మారిపోతుంది. కొత్తది పెట్టాక అన్ని బోల్టులూ ముందు చేత్తోనే ఎక్కించండి. రంధ్రం కలవకపోతే పానాతో లాగి ఎక్కించొద్దు, జాకీని కాస్త పైకో కిందకో కదిపితే కలుస్తుంది. తర్వాత జాకీ దించి, బరువు మౌంటింగ్ మీదకి వచ్చాక మాన్యువల్లో చెప్పిన కొలత ప్రకారం టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. కొత్తది వేసినా అదురు పోలేదని షెడ్డుకి తిరిగొచ్చే బండ్లలో ముందు చూడాల్సింది ఇదే. ఒకసారే వాడాలని కంపెనీ చెప్పిన బోల్టులుంటే కొత్తవే వేయండి.

బ్యాటరీ బిగించి, స్టార్ట్ చేసి, ముందు చూసిన పరీక్షే మళ్లీ చేయండి. ఏసీ వేసి కూడా చూడండి. పాలీ వేస్తే మొదట్లో అదురు కాస్త ఎక్కువే ఉండి, తిరిగేకొద్దీ కొంత సర్దుకుంటుంది. కీచుమంటే బుష్‌కి సిలికాన్ గ్రీజు రాయాలి, మామూలు గ్రీజు వద్దు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద ఒకసారి వెళ్లొచ్చాక బోల్టుల బిగువు మళ్లీ చూసుకోండి. మౌంటింగ్ బాగానే ఉండి, అదురు మాత్రం ఒకే స్పీడు దగ్గర వస్తుంటే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ సంగతి.