ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీస్ టవర్: స్థలం కొనకముందే వేయాల్సిన లెక్కలు

హైదరాబాద్‌లో గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు వెళ్తే ఎఫ్ఎస్ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. ఎంత ఎత్తయినా లేపొచ్చన్న ధీమాతోనే అక్కడ భూమికి అంత ధర పలుకుతోంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం రూ.100 కోట్లు దాటింది. కానీ ఎత్తును పట్టి ఉంచేవి రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ).

2012 నాటి జీవో 168 ప్రకారం 55 మీటర్ల ఎత్తుకు చుట్టూ 16 మీటర్లు వదలాలి. ఆపైన ప్రతి 5 మీటర్లకూ మరో అర మీటరు. 90×90 మీటర్ల ప్లాటు, అంటే సుమారు రెండెకరాలు తీసుకోండి. 55 మీటర్లయితే అంతస్తుకు 58×58, అంటే 3,364 చదరపు మీటర్లు. 4 మీటర్ల చొప్పున 13 అంతస్తులకు 43,732. 95 మీటర్లకు వెళ్తే సెట్‌బ్యాక్ 20 అవుతుంది, అంతస్తు 2,500కి కుంచించుకుపోతుంది. 23 అంతస్తులకు 57,500. ఎత్తు 73 శాతం పెరిగితే నిర్మిత విస్తీర్ణం పెరిగింది 31 శాతమే. అందులోంచి లిఫ్టులు, మెట్లు, షాఫ్టులు ఇంకా ఎక్కువ తినేస్తాయి. జీవోకు తర్వాత వచ్చిన సవరణలు కూడా చూసి, మీ ప్లాటు కొలతలతో ఈ లెక్క వేశాకే ధర మాట్లాడండి.

తర్వాత నేల. పైన మొరం, మధ్యలో విడి గుండ్లు, కింద షీట్ రాక్, అంటే పరుపు బండ. బోరు గుండు దగ్గర ఆగితే దాన్నే బండ అని రాసేసే రిపోర్టులుంటాయి. దాన్ని నమ్మి ఫుటింగ్ (పిల్లరు పునాది) వేస్తే ఒకవైపు కుంగుతుంది. ప్రతి బోరులో గట్టి రాయిలోకి కనీసం 5 మీటర్లు కోర్ (రాతి నమూనా కడ్డీ) తీయించండి. మధ్యలో మట్టి తగిలితే అది గుండే. సెల్లార్లు ఎన్నో ఈ రిపోర్టు వచ్చాకే తేల్చాలి: పక్కన అద్దాల భవనాలుంటే బ్లాస్టింగ్‌కు అనుమతి దొరకడం కష్టం, రాక్ బ్రేకర్‌తో పని నెలల తరబడి సాగుతుంది.

అనుమతుల్లో ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎత్తు ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం). అది తేలకపోతే ఫైర్ డ్రాయింగులన్నీ మళ్లీ గీయాలి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు చేరితే పర్యావరణ అనుమతి కావాలి; అది రాకముందు సెల్లార్ తవ్వకం మొదలుపెట్టొద్దు.

సెల్లార్ పార్కింగ్‌లో పిల్లరు నడిమి నుంచి పిల్లరు నడిమికి 8.4 మీటర్లు పెట్టి, మధ్యలో మూడు కార్లనుకుంటారు. మూడు కార్లకే 7.5 మీటర్ల ఖాళీ కావాలి. పొడవాటి టవర్ అడుగున పిల్లరు 1.2 మీటర్లకు చేరితే మూడోది పట్టదు. 9 మీటర్లు పెట్టండి.

లిఫ్టులను మనిషికి 10 చదరపు మీటర్ల లెక్కన డిజైన్ చేస్తే, ఐటీ కంపెనీ 6 లేదా 7కి ఒకరిని కూర్చోబెట్టిన రోజు లాబీ నిండిపోతుంది. రద్దీ ఐదు నిమిషాల్లో 12 నుంచి 15 శాతం మందిని మోయగలగాలి, అదీ కిక్కిరిసిన సంఖ్య మీద. టాయిలెట్లు, తాజా గాలి, బయటపడే మెట్లకూ అదే సంఖ్య వాడండి.

మొదటి దశ మెట్రో రాయదుర్గంలోనే ఆగింది కాబట్టి జనం క్యాబుల్లో, కంపెనీ బస్సుల్లో వస్తారు. అవి ఆగే చోటు గేటు లోపలే, ఫైరింజన్ దారికి అడ్డం రాకుండా, మొదటి డ్రాయింగులోనే చూపించండి.