ఊరి నడుమ సైన్సు ముచ్చట: ఏర్పాటు చేసే పద్ధతి

సైన్సు ప్రసంగం పెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు వక్తను వెతుకుతారు. శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెలోనో ఇరవై ముప్పైమందిని కూర్చోబెట్టి పరిశోధన గురించి మాట్లాడించాలంటే ఆ వరస తిరగెయ్యాలి. ఊళ్లో ఇప్పటికే నలుగుతున్న ప్రశ్నను ముందు పట్టుకొని, దానికి తగిన మనిషిని తరవాత వెతకాలి. విశ్వం పుట్టుక గురించి చక్కగా చెప్పే ఆచార్యులు దొరికారు కదా అని కవిటిలో సభ పెడితే జనం మర్యాదకు విని లేచిపోతారు. 2018 అక్టోబరులో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తిత్లీ వంటి తుపాను దారిని ముందుగా ఎలా అంచనా వేస్తారు, ఆ అంచనా ఎక్కడ తప్పుతుంది అన్నది విషయమైతే, వక్త నోరు విప్పకముందే వాళ్లే మొదలుపెడతారు.

కార్యక్రమానికి ఒక మంచి నమూనా ఉంది. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1998లో డంకన్ డాలస్ మొదలుపెట్టిన సైన్సు కెఫేలో వక్త ఇరవై నిమిషాలు మాట్లాడతారు, కాసేపు విరామం ఉంటుంది, మిగిలిన సమయమంతా ప్రశ్నలదే. మనకు టీ కొట్టు అరుగు, గ్రంథాలయం వరండా, రామమందిరం ముందున్న పందిరి ఏదైనా సరిపోతుంది. వేదిక, శాలువాలు, అధ్యక్షులవారి తొలిపలుకులు మాత్రం వద్దు, ఎందుకంటే పెద్దలను వేదిక మీదికి ఆహ్వానించడం పూర్తయ్యేసరికే పిల్లలు సగంమంది ఇళ్లకు చేరిపోతారు. గొంతు వినిపించేంత చోటైతే మైకు కూడా అక్కర్లేదు. మైకు చేతికిస్తే అడగాలనుకున్న ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారు.

తొలి ముచ్చటకు అరసవల్లిని మించిన విషయం లేదు. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ మబ్బు లేకపోతే ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ రెండు కాలాలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఒక అట్టపెట్టెతో చూపించవచ్చు. పెట్టెకు ఒకవైపు చిన్న కన్నం చేసి, లోపల ఎదుటి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, ఫోను టార్చిని బయట కుడి నుంచి ఎడమకు, తిరిగి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపితే, వెలుగు ఆ గుర్తు మీద పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి పడుతుంది. సూర్యోదయ స్థానం కూడా డిసెంబరు చివరికి ఆగ్నేయం వైపు, జూన్ చివరికి ఈశాన్యం వైపు జరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. రాత్రీపగలూ సమానమయ్యే మార్చి రోజుకు సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు రోజుకు సుమారు పది రోజుల తరవాత, సూర్యుడు దాదాపు ఒకే చోట, తూర్పుకు కాస్త దక్షిణంగా ఉదయిస్తాడు. టార్చి పిల్లల చేతికే ఇవ్వాలి. భక్తి సరైనదా కాదా అన్న వాదన ఎవరైనా లేవదీస్తే, ఈ పూట మాట్లాడుతున్నది కట్టినవారి లెక్క గురించని చెప్పి నిర్వాహకులు అక్కడే ఆపాలి.

జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు మీద మాట్లాడించడానికి ఇంతకు ఎన్నో రెట్ల జాగ్రత్త కావాలి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో తెలిపే క్రియాటినిన్ అంటే ఏమిటో అక్కడ చాలా ఇళ్లలో చెప్పనక్కర్లేదు. మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలు లేనివారికీ ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. తాగునీరు, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రల వాడకం, ఇలా అనుమానాలు అనేకం ఉన్నాయి. వక్త తన పరిశోధన వీటిలో దేన్ని పరిశీలించిందో, ఏది రుజువైందో, ఏది ఊహగానే మిగిలిందో విడదీసి చెప్పేలా ముందే మాట తీసుకోవాలి. నీళ్లే కారణమట అన్న ఒక్క మాట బయటికి పోతే మర్నాటికి ఊరంతా పాకుతుంది. పరీక్షలకని రక్తం, నీళ్లు పట్టుకెళ్లినవాళ్లు ఫలితం ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడగవచ్చు. ఆ కోపాన్ని సర్దిచెప్పి దాటెయ్యకుండా సూటిగా జవాబివ్వగలవారినే పిలవాలి. రిపోర్టులు పట్టుకొచ్చి మందులు అడిగేవారు ఉంటారు కనుక, వాళ్లతో విడిగా మాట్లాడటానికి ఒక వైద్యుడో ఏఎన్ఎమ్మో దగ్గర ఉండటం మంచిది. లేకపోతే ముచ్చట కాస్తా ఓపీ అయిపోతుంది.

వేళ విషయంలో క్యాలెండరు కన్నా పనుల కాలం ముఖ్యం. తీరగ్రామాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కనుక మత్స్యకారులు ఇంటిపట్టున దొరుకుతారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గురించో సముద్రపు కోత గురించో మాట్లాడటానికి అదే అదను. ఊడ్పుల రోజుల్లో పల్లపు ఊళ్ల జోలికి పోకూడదు. పలాసలో జీడి ఫ్యాక్టరీల ఆడవాళ్లు రావాలంటే వాళ్ల పని ముగిసే వేళను వాళ్లనే అడగాలి, కబురు డ్వాక్రా సంఘాల ద్వారా పంపాలి. విజయనగరంలోనైతే సిరిమానోత్సవం వారంలో ఏదీ పెట్టకపోవడమే తెలివి.

వ్యవసాయ విషయాలకు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్నీ, చిరుధాన్యాలకు విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానాన్నీ, ఇతర శాస్త్రాలకు ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయాన్నీ అడగవచ్చు. వక్త వచ్చేముందు ఒకసారి ఫోనులో మాట్లాడి, ఆయన వాడబోయే పదాలు ఊరివాళ్లకు అర్థమవుతాయో లేదో సరిచూసుకోవాలి. స్లైడ్లు వద్దని గట్టిగానే చెప్పాలి. ఒక వస్తువు తెమ్మంటే చాలు, అది మట్టి పెళ్ల కావచ్చు, వరి దుబ్బు కావచ్చు.

జవాబు దొరకని ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో అడిగినవారి మాటల్లోనే రాసుకొని, వక్తకు పంపి, వచ్చిన సమాధానాలను పదిహేను రోజుల్లోగా అదే టీ కొట్టు గోడకు పెద్ద అక్షరాలతో అంటించాలి. ప్రశ్న అడిగినవారి పేరు మాత్రం అక్కడ రాయకూడదు, ముఖ్యంగా జబ్బుల విషయంలో.