వర్షారణ్యంలో ఆరని రంగు: నా అనుభవం

వర్షారణ్యంలో ఒక ఆర్కిడ్ పువ్వును నీటిరంగులతో చిత్రిస్తున్నప్పుడు, మొదటి పూత గంట గడిచినా ఆరకపోవడం, దానిపై వేసిన రెండో పూత అంచులు దాటి పాకి రేకు మీది సన్నని ఊదా ఈనెలను మింగేయడం చూసి, లోపం కుంచెదేనని పొరబడ్డాను. కాగితం మూలను వేలితో తాకితే చల్లగా, మెత్తగా తగిలింది. గాలిలోని తేమను అది అప్పటికే పీల్చుకుని ఉంది.

అప్పటి నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) నున్నని కాగితాన్ని గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, ఒక్కొక్క షీటునే బయటికి తీస్తున్నాను. ఆ పొట్లాల్లోని నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే వాటి పని అయిపోయినట్టే. వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి (ఆ నీలం కోబాల్ట్ లవణానిది కనుక ఉత్త చేతులతో ముట్టుకోను).

అడవిలోనే చిత్రం పూర్తిచేయాలన్న పట్టుదలనూ వదిలేశాను. పువ్వు వాడేలోపు డివైడర్‌తో కొలిచి గీసిన పెన్సిల్ రేఖాచిత్రం, పువ్వు పక్కనే పెట్టి సరిచూసిన రంగుల నమూనాలు సిద్ధమైతే మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు. 1988లో అమెజాన్ అడవిలో, రాత్రి విచ్చుకునే కాక్టస్ పువ్వును చూసి చిత్రించిన బ్రిటిష్ వృక్షచిత్రకారిణి మార్గరెట్ మీ (Margaret Mee) గువాష్ అనే, అడుగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగులు వాడేవారు. వాటికి నీరు తక్కువ చాలు కనుక ముదురు ఆకులకు నేనూ వాటినే ఎంచుకున్నాను.