ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యాక సోలార్ పనిలోకి ఎలా దిగాలి

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి సర్టిఫికెట్ బీరువాలో పెట్టేసి, సిటీకెళ్ళి డెలివరీ బండి నడుపుకుందామా అని ఆలోచిస్తున్న వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఆ సర్టిఫికెట్ బయటికి తీయండి, ఇళ్ళ మీద సోలార్ పనికి అదే పునాది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళ మీద సోలార్ పెట్టించడం. 3 కిలోవాట్లు పెట్టించుకున్న ఇంటికి కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది, అందుకే ఇప్పుడు బిగించే పనికి ఇంత గిరాకీ. అయితే నేను ధైర్యంగా ఈ లైన్‌లోకి రమ్మనేది సబ్సిడీని చూసి కాదు. ప్యానెల్ ఇరవై అయిదేళ్ళు ఉంటుంది, ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అన్నేళ్ళు రాదు, మధ్యలో ఒక్కసారైనా మార్చాల్సిందే. ఈలోగా దుమ్ము పడుతుంది, కనెక్టర్లు వదులవుతాయి, కోతులు వైర్లు లాగేస్తాయి. ఇవాళ బిగించిన ప్రతి ఇంటికీ రేపు సర్వీస్ చేసేవాడు కావాలి, అసలు ఉద్యోగం అక్కడుంది.

ట్రైనింగ్ కోసం వేలకు వేలు కట్టకండి. కేంద్ర ప్రభుత్వ సూర్యమిత్ర కోర్సు 600 గంటలు, అంటే దాదాపు మూడు నెలలు, ఫీజు లేదు, హాస్టల్, భోజనం వాళ్ళదే. దగ్గర్లో బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని చేరండి. ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరైనా మంచి వెండర్ (ఇళ్ళకి సోలార్ బిగించే కాంట్రాక్టర్) దగ్గర పనిచేయాలి. జీతం తక్కువే ఉంటుంది, కానీ ఏడాదంతా ప్యానెళ్ళు మోయడం, స్ట్రక్చర్‌కి బోల్టులు బిగించడం మాత్రమే చేయిస్తుంటే అక్కడ ఉండొద్దు. వైరింగ్ చేయనిస్తారా, ఇన్వర్టర్ సెట్టింగ్ నేర్పిస్తారా అని చేరే రోజే అడగండి.

ఇక పనిలో అన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది డీసీ వైపు, అంటే ప్యానెల్ నుంచి ఇన్వర్టర్ దాకా ఉండే లైను. 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటీ 50 వోల్టులకు కాస్త అటూఇటూగా ఇస్తుంది, ఆరు ప్యానెళ్ళు సిరీస్‌లో కలిపితే 300 వోల్టుల దాకా వెళ్తుంది, పైగా ఎండ ఉన్నంతసేపూ దాన్ని ఆపే స్విచ్ ప్యానెల్‌కి లేదు. ఇంట్లో ఏసీ కరెంటుకి వచ్చే మంట దానంతటదే తెగిపోయే అవకాశం ఉంటుంది, డీసీ మంట అలా తెగదు, పట్టుకుని కాలుతూనే ఉంటుంది. అందుకే ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసొలేటర్ (ఆ లైను తెంచే స్విచ్) తిప్పాకే, ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ మీద చెయ్యి వేయాలి. ఆ కనెక్టర్ లోపలి పిన్నుని మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కేవాళ్ళని చాలామందిని చూశాను. అప్పటికి పనిచేస్తుంది, నాలుగు ఎండాకాలాలు గడిచేసరికి వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆ పిన్నుని వైరుకి గట్టిగా నొక్కే క్రింపింగ్ టూల్ సొంతంగా కొనుక్కోండి, నొక్కాక లాగి చూడండి. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కూడా కొలిచేదేనా అని అడిగి తీసుకోండి, చవకరకం వాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

ఎర్తింగ్ విషయంలో ఎవరు చెప్పినా రాజీపడొద్దు: పిడుగు కడ్డీకి వేరు, డీసీకి వేరు, ఏసీకి వేరు. సేఫ్టీ బెల్ట్ లేకుండా రేకుల మీదకి ఎక్కొద్దు, ఓనర్ తొందరపెట్టినా సరే.

కస్టమర్‌తో మాట్లాడటం కూడా పనిలో భాగమే. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, "కరెంటు పోతే సోలార్ ఉండి కూడా ఫ్యాన్ తిరగట్లేదేంటి బాబూ?" అని. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ (కరెంటు లైనుకి కలిపి ఉండేది) కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే ఇంటి మీద తయారైన కరెంటు లైన్లోకి వెళ్ళి స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కి షాక్ కొడుతుంది. ఇది బిగించక ముందే చెప్పండి, తర్వాత చెబితే మోసం చేశారనుకుంటారు.

కాగితాల పని చాలామంది వదిలేస్తారు, అది తెలిసిన కుర్రాడిని మాత్రం ఏ వెండరూ వదులుకోడు. సైటుకి వెళ్ళగానే కరెంటు బిల్లు అడిగి తీసుకుని చూడండి. మీటర్ చనిపోయిన తాతగారి పేరు మీద ఉంటే ముందు పేరు మార్పించాలి, బ్యాంకు ఖాతాలో పేరు తేడా ఉంటే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటుంది. శాంక్షన్డ్ లోడ్ (ఆ ఇంటికి కరెంటు సంస్థ మంజూరు చేసిన కిలోవాట్లు) ఎంత, మిద్దె మీద నీడ పడని చోటు కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల చొప్పున ఉందా, పక్కింటి వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ పడుతుంది, ఇవన్నీ రాసుకోండి. పథకం పోర్టల్లో అప్లికేషన్ నుంచి నెట్ మీటర్ (లైనుకి ఇచ్చిన కరెంటు, వాడుకున్న కరెంటు రెండూ లెక్కించే మీటర్) పెట్టేదాకా ఒక ఇంటి ఫైలు మొదటి నుంచి చివరి వరకు మీ చేత్తో నడిపించండి.

సొంతంగా చేద్దామనుకుంటే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మ్యాన్ పర్మిట్‌కి ఇప్పుడే అప్లై చేయండి, కొత్త బిగింపుల కంటే ముందు సర్వీస్‌తో మొదలుపెట్టండి, పెట్టుబడి తక్కువ. ప్యానెళ్ళు కడగడం, కనెక్టర్లు, ఎర్తింగ్ చూడటం, ఇన్వర్టర్ రీడింగ్ రాయడం, వీటికి ఏడాది కాంట్రాక్టు మాట్లాడుకోండి. 1 కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇవ్వాలి. వెళ్ళిన ప్రతి ఇంట్లో అంత వస్తోందో లేదో ఓనర్ ముందే లెక్క చూపించి, తగ్గితే కారణం చెప్పండి.